అరుదైన ఇంగ్లీషు ఇంటిపేరు ఏ ఊరిదో తెలుసుకోవడం ఎలా?

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా పక్కింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దావిడని మేమంతా ఆంటీ అనేవాళ్లం. వాళ్ల తాతగారి బాప్టిజం కాగితాన్ని ఆవిడ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో బట్టల అడుగున దాచుకున్నారు. మడతల దగ్గర చిరిగి, సిరా గోధుమ రంగుకి తిరిగిన కాగితం. అందులో ఉన్న ఇంటిపేరు నేను ఇంకెక్కడా వినలేదు. "ఈ పేరు ఇంగ్లండ్‌లో ఏ ఊరి నుంచి వచ్చిందో కనుక్కోగలవా బాబూ?" అని ఆవిడ అడిగారు. అలా ఈ పనిలో పడ్డాను.

ఆంటీ వాళ్ల పేరు వాళ్ల సొంత విషయం కాబట్టి దాన్ని ఇక్కడ పెట్టను. అందరికీ తెలిసిన ఒక అరుదైన పేరు తీసుకుని దారి చూపిస్తాను: అటెన్‌బరో. గాంధీ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో, ప్రకృతి డాక్యుమెంటరీల డేవిడ్ అటెన్‌బరో ఇద్దరూ అన్నదమ్ములు. వాళ్ల ఇంటిపేరు చాలామందికి తెలుసు గానీ ఆ ఇంటిపేరు ఉన్నవాళ్లు ఇంగ్లండ్‌లో చాలా తక్కువ. మీ చేతిలో ఉన్న పేరు ఏదైనా ఇదే వరసలో వెళ్లండి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇంగ్లండ్ మ్యాపులో మీ పేరుతోనే ఒక ఊరు కనబడగానే "దొరికింది" అనుకోకండి. పేరు కలిసింది కాబట్టి అదే ఊరు కావచ్చు, అంతే. అక్కడిదాకా మిమ్మల్ని కాగితాలే తీసుకెళ్లాలి, ఒక్కో తరం వెనక్కి.

మొదట పేరుకున్న స్పెల్లింగులన్నీ రాసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని ఆ పేరుని చెవితో విని ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్నీ రాయండి. పాత రోజుల్లో చాలామందికి చదువు రాదు. వాళ్లు నోటితో చెప్తే చర్చి గుమాస్తా తనకి వినబడినట్టు రాసుకునేవాడు. ఒకే మనిషికి బాప్టిజంలో ఒక స్పెల్లింగు, పెళ్లిలో ఇంకొకటి ఉండటం మామూలే.

అటెన్‌బరోనే చూడండి. మధ్యలో 'టి' రెండుసార్లు రావచ్చు, ఒక్కసారే రావచ్చు. చివర 'ఓ-యు-జి-హెచ్' బదులు 'ఓ-డబ్ల్యూ' ఉండవచ్చు. 'బరో' కాస్తా 'బ్రో' అయిపోవచ్చు. పాత చేతిరాతలో రెండు 'టి'ల మీద ఒకే అడ్డగీత గీసేవారు. ఆ గీత చెరిగిపోతే వాటిని 'ఎల్' అనుకుని కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లు ఉంటారు. అందుకే వెబ్‌సైట్లలో వెతికేటప్పుడు పేరు మొత్తం కొట్టకండి. మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి స్టార్ గుర్తు పెట్టండి. ఏ అక్షరం మీద అనుమానం ఉంటే అక్కడ కూడా స్టార్ పెట్టి మళ్లీ వెతకండి.

1881 మ్యాపు వేయండి

బ్రిటన్‌లో పదేళ్లకోసారి జనాభా లెక్కలు 1801లోనే మొదలయ్యాయి. మనుషుల పేర్లతో సహా దేశమంతటికీ దొరికేవి మాత్రం 1841 నుంచి. వీటిలో 1881 సెన్సస్ మన పనికి చాలా మేలు. వాలంటీర్లు పూర్తిగా ఎక్కించిన ఆ సెన్సస్ ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 1881 సెన్సస్‌నీ 1998 ఓటర్ల జాబితానీ పక్కపక్కన పెట్టి ఇంటిపేర్ల మ్యాపులు తయారుచేశారు. అలాంటి మ్యాపు దొరికితే చూడండి. కానీ లెక్క మీ చేత్తో ఒకసారి వేస్తేనే మ్యాపు చెప్పేది అర్థమవుతుంది.

1881 సెన్సస్‌లో మీ పేరుతో వెతికి, ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఎంతమంది ఉన్నారో విడివిడిగా రాసుకోండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అంకె ఎక్కడ పెద్దగా ఉంటే పేరు అక్కడ పుట్టిందనుకుంటారు. లండన్‌లో ఏ పేరైనా బోలెడంతమందికి ఉంటుంది, ఎందుకంటే అక్కడ మనుషులే అంతమంది. 1881లో నాటింగ్‌హామ్‌షైర్ జనాభా సుమారు 4 లక్షలు, లండన్‌ది సుమారు 38 లక్షలు. ఉదాహరణకి రెండుచోట్లా మీ పేరుతో 200 మంది చొప్పున ఉన్నారనుకుందాం. నాటింగ్‌హామ్‌షైర్‌లో లక్షకి 50 మంది అయ్యారు, లండన్‌లో లక్షకి 5 మంది కాస్త పైన. మొదటి అంకెనే పట్టుకోండి. లక్షకి ఎంతమంది అనే లెక్కతో రంగులు వేస్తే, అరుదైన పేరు చాలాసార్లు ఒక చిన్న ప్రాంతంలో ముద్దగా కనబడుతుంది.

అటెన్‌బరో పేరుకి ఆ ముద్ద ఇంగ్లండ్ నడిమధ్య, నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ కౌంటీలు కలిసేచోట వస్తుంది. నాటింగ్‌హామ్ నగరానికి నైరుతి వైపు, ఎరివాష్ అనే చిన్న నది ట్రెంట్ నదిలో కలిసేచోట అటెన్‌బరో అనే ఊరే ఉంది. ఒకప్పుడు కంకర తవ్విన గోతులు ఇప్పుడు నీళ్లు నిండి పక్షుల అభయారణ్యంగా మారాయి. దాన్ని 1966లో ప్రారంభించింది డేవిడ్ అటెన్‌బరోనే.

ముద్దకి దూరంగా ఉన్న చుక్కల్ని కూడా వదిలేయకండి. ఒక్కో చుక్కకీ ఒక కారణం ఉంటుంది. గనులు, మిల్లులు, రైల్వే, ఓడరేవు, లేదా ఒక కుటుంబం పెట్టుకున్న వ్యాపారం. 19వ శతాబ్దం లండన్‌లో అటెన్‌బరో పేరుతో తాకట్టు దుకాణాలు పేరుమోసినవి. అక్కడ ఆ ఇంటిపేరు కనబడటానికి అదొక కారణం. అలాంటి చుక్క దొరికినప్పుడు ఆ కుటుంబాన్ని విడిగా వెనక్కి లాగండి. 1851 సెన్సస్ నుంచి ప్రతి మనిషి పుట్టిన ఊరూ కౌంటీ రాశారు కాబట్టి, లండన్‌లో ఉన్న ముసలాయన ఎక్కడ పుట్టాడో ఆ గడిలోనే తెలుస్తుంది.

పుట్టిన ఊరి విషయంలో ఇంకో జాగ్రత్త. రిచర్డ్ పుట్టింది 1923లో కేంబ్రిడ్జ్‌లో. డేవిడ్ పుట్టింది 1926లో లండన్ పక్కన ఐల్‌వర్త్‌లో. ఈ రెండూ చూస్తే ఇంటిపేరు గురించి ఏమీ తెలియదు. ఒక్క తరం వెనక్కి వెళ్లి వాళ్ల నాన్న ఫ్రెడరిక్‌ని చూస్తే ఆయన 1887లో పుట్టింది నాటింగ్‌హామ్‌షైర్‌లోని స్టేపుల్‌ఫర్డ్‌లో. అటెన్‌బరో ఊరికి అది కొద్ది మైళ్ల దూరమే. చదువూ ఉద్యోగమూ ఆయన్ని వేరే ఊళ్లకి తీసుకెళ్లాయి. ఒక్క తరం దాటితేనే ఆ ముద్ద దగ్గరికి వచ్చేశాం.

1837 దాకా సర్టిఫికెట్లతో వెళ్లండి

ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన మరణాలు, పెళ్లిళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు కావడం 1837 జులై 1న మొదలైంది. వీటి సూచికని వాలంటీర్లు ఫ్రీబీఎండీ అనే వెబ్‌సైట్లో పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు. జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత సూచిక కూడా ఆన్‌లైన్లో ఉంది. అందులో 1837 నుంచే పుట్టిన బిడ్డ తల్లి పుట్టింటి ఇంటిపేరు కనబడుతుంది. ఒకే పేరున్న ఇద్దరు పిల్లల్లో మీవాడు ఎవరో తేల్చడానికి ఇంతకన్నా మంచి సాయం లేదు. ఆ పేరు కలిసిన తర్వాతే సర్టిఫికెట్‌కి డబ్బు కట్టండి. తొందరపడి ఆర్డర్ చేసి వేరేవాళ్ల సర్టిఫికెట్లు తెప్పించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ ఆంటీ పనిలో రెండుసార్లు అలా చేశాను.

సూచికలో ఊరి పేరు ఉండదు, రిజిస్ట్రేషన్ జిల్లా పేరు ఉంటుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. స్టేపుల్‌ఫర్డ్, అటెన్‌బరో వైపు ఊళ్లు షార్డ్‌లో అనే జిల్లా కిందికి వచ్చేవి. షార్డ్‌లో ఊరు ఉన్నది డెర్బీషైర్‌లో. ఆ పేరు చూసి "మావాళ్లు నాటింగ్‌హామ్‌షైర్ వాళ్లు కారు" అని పక్కన పెట్టేస్తే అసలు మనిషిని పోగొట్టుకుంటారు.

సెన్సస్‌లని కొత్తదాని నుంచి పాతదానికి వరసగా చూడండి. 1921ది 2022 జనవరిలో బయటికి వచ్చింది. 1931 కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల అసలు లెక్కలే తీయలేదు. ఆ ఖాళీని కొంతవరకు 1939 సెప్టెంబరు 29న తీసిన రిజిస్టరు పూరిస్తుంది. ఇక 1841కి వచ్చేసరికి ఆగి చూసుకోండి. అందులో 15 ఏళ్లు దాటినవాళ్ల వయసుని దగ్గరి కింది ఐదుకి తగ్గించి రాయమన్నారు. 39 ఏళ్ల మనిషి 35 అయిపోతాడు. పుట్టిన ఊరు రాయలేదు, ఉంటున్న కౌంటీలో పుట్టారా లేదా అన్నంతవరకే. ఆ వయసుని నమ్మి పుట్టిన సంవత్సరం లెక్కేస్తే బాప్టిజం దొరకదు. నాలుగైదేళ్లు అటూ ఇటూ వెతకండి.

చర్చి రిజిస్టర్లు: ఇక్కడ నెమ్మదిగా వెళ్లండి

1837 ముందు మనకి ఆధారం పారిష్ చర్చి రిజిస్టర్లే. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం. బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిపెట్టమని 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రాంవెల్ చర్చిలన్నిటికీ ఆజ్ఞ ఇచ్చాడు. చాలా ఊళ్లలో మొదటి పుస్తకాలు పోయాయి. కానీ 1598 నుంచి ప్రతి ఏటా ఒక నకలు బిషప్ ఆఫీసుకి పంపాల్సి వచ్చింది కాబట్టి అసలు పోయినచోట ఆ నకలు అడగండి. అంతర్యుద్ధం, ఆ తర్వాత రాజు లేని కాలం, అంటే 1640ల నుంచి 1660 దాకా చాలా రిజిస్టర్లలో ఖాళీలుంటాయి. దొరకలేదంటే మీ పొరపాటే అనుకోనక్కర్లేదు.

తేదీల దగ్గర పెద్ద చిక్కుంది. 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఒక పుస్తకంలో తండ్రి ఖననం 1731 జనవరి అనీ, బిడ్డ బాప్టిజం 1731 జూన్ అనీ ఉంటే, తండ్రి పోయాక బిడ్డ పుట్టాడని అనిపిస్తుంది. అప్పటి లెక్కలో జూన్ ముందు, జనవరి తర్వాత. తండ్రి పోయింది మన లెక్కలో 1732లో. ఇలాంటి తేదీలని 1731/32 అని రెండూ కలిపి రాసుకోవడం అలవాటు చేసుకోండి.

పారిష్ అంటే ఊరు ఒక్కటే కాదు. అటెన్‌బరో పారిష్ కిందికి చిల్‌వెల్, టోటన్ అనే పక్క ఊళ్లు కూడా వచ్చేవి. ఆ ఊళ్ల పిల్లలకి అటెన్‌బరోలోని సెయింట్ మేరీ చర్చిలోనే బాప్టిజం జరిగేది. చర్చి పేరు చూసి కాపురం ఆ ఊళ్లోనే ఉండేదని రాసేయకూడదు. 

ఇంకొకటి, ఖననాల పుస్తకం తప్పక చూడండి. చావుల గురించి చదవడం బాధగా ఉంటుంది, అందుకే చాలామంది దాన్ని దాటేస్తారు. కానీ ఒకే పేరుతో పక్కపక్క పారిష్‌లలో ఇద్దరు మగపిల్లలు పుట్టినప్పుడు, వాళ్లలో ఒకడు పసితనంలోనే పోయాడేమో ఆ పుస్తకమే చెప్తుంది. పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టడం కూడా అక్కడ మామూలు. ఇది చూడకుండా కట్టిన వంశవృక్షాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి, వాటిలో రెండేళ్లకే పోయిన పిల్లలకి పిల్లలు పుట్టేశారు.

పేరుకి అర్థం ఇప్పుడు చూడండి, ముందు కాదు

చాలామంది అర్థంతో మొదలుపెడతారు. నా అనుభవంలో దాన్ని ఆఖర్న చూడటమే మంచిది, ఎందుకంటే ఒకే పేరుకి రెండు అర్థాలు చెప్పగలిగినప్పుడు ఏది సరైనదో మ్యాపే తేలుస్తుంది.

అటెన్‌బరోకి సరిగ్గా ఇదే పరిస్థితి. మధ్యయుగపు ఇంగ్లీషులో 'అటెన్' అంటే 'ఫలానాచోట ఉండే' అని. అలా చూస్తే 'కోట దగ్గర లేదా పెద్ద దొరవారి ఇంటి దగ్గర ఉండేవాడు' అని అర్థం వస్తుంది. కేంబ్రిడ్జ్‌లోని పెద్ద ఆసుపత్రికి పేరిచ్చిన ఆడెన్‌బ్రూక్ అనే ఇంటిపేరు కూడా ఇలా 'వాగు దగ్గర' అనే మాట నుంచి వచ్చిందే. రెండో అర్థం ఊరి నుంచి. అటెన్‌బరో ఊరి పేరులో పైకి కనబడుతున్నది ఆ 'అటెన్' అనే మాట కాదు. పాత రాతల్లో ఆ ఊరి పేరు మధ్యలో 'టి' బదులు 'డి' అక్షరం కనబడుతుంది. ఆడ్డా లాంటి పేరున్న ఒక మనిషి కోట అని పండితులు చెప్తారు. పైకి ఒకేలా ఉన్న రెండు వేర్వేరు పేర్లన్నమాట. మొదటి అర్థమే నిజమైతే ఆ ఇంటిపేరు దేశంలో ఎక్కడైనా పుట్టాలి, కోటలు అన్నిచోట్లా ఉన్నాయి కదా. ముద్ద ఆ ఊరి చుట్టూనే ఉంది కాబట్టి ఎక్కువ కుటుంబాల విషయంలో ఊరి వైపే మొగ్గు చూపాలి.

మీ పేరులో ఊరి పేరు ఉందేమో చూడటానికి నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు ఉచితంగా పెట్టిన ఇంగ్లండ్ ఊళ్ల పేర్ల సూచిక చూడండి. ఇంటిపేర్లకైతే ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2016లో 4 సంపుటాల నిఘంటువు వేసింది, 45,000కి పైగా పేర్లున్నాయి. పాత చిన్న పుస్తకాల్లోనూ, కప్పుల మీద ఇంటిపేరూ 'కోట్ ఆఫ్ ఆర్మ్స్' అనే డాలు చిహ్నమూ ముద్రించి అమ్మే దుకాణాల్లోనూ కనబడే అర్థాలకి విలువ ఇవ్వకండి. ఆ చిహ్నం ఒక మనిషికీ అతని వారసులకీ ఇచ్చేది. ఇంటిపేరు ఉన్న అందరిదీ కాదు.

ఊరి పేరు ఇంటిపేరు ఎలా అవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. తాడేపల్లి, కొండపల్లి లాంటి ఇంటిపేర్లు మన దగ్గర ఎన్నో. తాడేపల్లిలో ఉన్నంతకాలం అందరూ తాడేపల్లి వాళ్లే, ఆ పేరుతో ఒకరిని గుర్తుపట్టలేరు. ఊరు విడిచి వెళ్తేనే కొత్త ఊళ్లో "తాడేపల్లి వాళ్లు" అవుతారు. ఇంగ్లండ్‌లోనూ అంతే. అందుకే ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరుని ఆ ఊళ్లోనే వెతికితే ఖాళీ చేతులతో తిరిగి రావచ్చు. చుట్టూ పది ఇరవై మైళ్ల ఊళ్లలో వెతకండి.

అయితే ఒక తేడా ఉంది. ఒకే ఇంటిపేరు అనగానే మనకి అన్నదమ్ముల వరసే గుర్తొస్తుంది. అక్కడ అలా ఏమీ లేదు. ఒకే ఊరి నుంచి వేర్వేరు కాలాల్లో బయటికి వెళ్లిన, చుట్టరికమే లేని ఇద్దరికీ అదే పేరు పడవచ్చు.

రిజిస్టర్లు ఆగినచోట, 1538కి వెనక

రిజిస్టర్లలో ఖాళీలున్నా, ఇంకా వెనక్కి వెళ్లాలనుకున్నా పన్ను జాబితాలూ ప్రమాణ జాబితాలే దిక్కు. 1662 నుంచి 1689 దాకా ఇంట్లో పొయ్యిల లెక్కన వేసిన పన్ను జాబితాలు, 1641–42లో పెద్దవయసు మగవాళ్లందరి చేత ప్రమాణం చేయించిన జాబితాలు, 1377, 1379, 1381 తలపన్ను జాబితాలు. లండన్ పక్కన క్యూలో నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ, ఆయా కౌంటీ ఆర్కైవ్స్‌లోనూ ఉంటాయి, చాలావరకు అచ్చు అయ్యాయి. ఇంగ్లండ్ మధ్య, దక్షిణ ప్రాంతాల్లో ఇంటిపేర్లు తండ్రి నుంచి కొడుక్కి స్థిరపడింది సుమారు 1250, 1400 మధ్య. అంతకుముందు కనబడిన పేరు ఆ ఒక్క మనిషిదే కావచ్చు. 1086లో రాజు తీయించిన భూముల లెక్క, డూమ్స్‌డే పుస్తకంలో మా ఇంటిపేరు ఉందని ఎవరైనా అంటే, అది చాలావరకు ఊరి పేరే.

ఒక పేరు ఒక్కరి నుంచే పుట్టిందా, చాలామంది నుంచా అన్నది కాగితాలు తేల్చలేనప్పుడు డీఎన్ఏ కొంత చెప్తుంది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్, ఇంటిపేరు నడిచిన దారిలోనే నడుస్తుంది. లెస్టర్ యూనివర్సిటీలో టూరి కింగ్, మార్క్ జోబ్లింగ్ 2009లో 40 ఇంటిపేర్ల మీద 1,678 మంది మగవాళ్లని పరీక్షించారు. స్మిత్ లాంటి మామూలు పేరున్నవాళ్లు ఒకరికొకరు ఏమీ కారు. అటెన్‌బరో లాంటి అరుదైన పేరున్నవాళ్లలో ఎక్కువమంది ఒకే వంశం కొమ్మలు. ఫ్రెడరిక్ అటెన్‌బరో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన కాలేజీయే తర్వాత ఈ లెస్టర్ యూనివర్సిటీ అయింది. అరుదైన పేరు అయితేనే ఈ పరీక్షకి డబ్బు పెట్టండి. 1979లో మొదలైన గిల్డ్ ఆఫ్ వన్ నేమ్ స్టడీస్‌లో మీ పేరు ఎవరైనా నమోదు చేసి ఉంటే ముందు వాళ్లకి రాయండి, వాళ్ల దగ్గర సగం పని అయిపోయి ఉంటుంది.

మన దగ్గరి కాగితంతో మొదలుపెట్టేవాళ్లకి

లాలాగూడ, కాజీపేట, బిట్రగుంట, విశాఖ రైల్వే కాలనీల కుటుంబాలకి మొదటి మెట్టు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు అక్కడ ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర మీద పనిచేసే ఫైబిస్ అనే సంస్థ వాళ్ల ఉచిత సూచికలో కూడా వెతకండి. తాతముత్తాతల్లో ఒకరు సైనికుడైతే అదృష్టమే, ఎందుకంటే సైన్యంలో చేరేటప్పటి కాగితాల్లో పుట్టిన పారిష్ రాసేవారు. ఆ ఒక్క గడి సముద్రం దాటిస్తుంది. ఒక్క అనుమానం మాత్రం మనసులో ఉంచుకోండి. బాప్టిజం ఇచ్చినప్పుడు అనాథ పిల్లలకీ, కొత్తగా మతం తీసుకున్నవాళ్లకీ దాతల పేరో పాదిరీ పేరో పెట్టిన సందర్భాలున్నాయి. అలాంటప్పుడు ఇంగ్లండ్ ఊరు ఆ పేరుదే అవుతుంది, ఆ రక్తానిది కాదు.

ఆంటీ వాళ్ల ముత్తాత సైనికుడే. ఆ దారిలో 1760ల దాకా వెళ్లాం. అక్కడ పక్కపక్క పారిష్‌లలో ఒకే పేరుతో ఇద్దరు పిల్లలు దొరికారు, రెండేళ్ల తేడాతో. "వీళ్లలో మావాడు ఎవరు?" అని ఆంటీ అడిగారు. మొదటి పారిష్ ఖననాలు మొత్తం చూశాం, ఆ పిల్లవాడి పేరు అందులో లేదు. రెండో పారిష్ పుస్తకం ఇంకా ఆన్‌లైన్లోకి రాలేదు, కౌంటీ ఆర్కైవ్స్‌కి రాశాను. రెండు బాప్టిజాలూ ఒక కాగితం మీద రాసి ఇస్తే, ఆవిడ దాన్ని మడిచి అదే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నారు.